వణికే సలాడ్

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నవంబరులో ఆఫీసులో పాట్‌లక్ పెట్టారు, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు. నేను పులిహోర పట్టుకెళ్ళాను. నా గిన్నె పక్కనే ఆకుపచ్చ గాజుతో కట్టిన కోటలాంటిది ఒకటి. లోపల క్యారెట్ తురుము, క్యాబేజీ ముక్కలు. బల్లకి ఎవరి మోచెయ్యి తగిలినా మొత్తం వణుకుతోంది. తెచ్చింది అకౌంట్స్‌లో పనిచేసే పెద్దావిడ. ‘సలాడ్’ అంది. కూరగాయలే కదా అని రెండు చెంచాలు వేసుకున్నాను. నిమ్మ వాసన, పంచదార తీపి, పంటి కింద పచ్చి క్యాబేజీ! మొహమాటానికి మింగేశాను.

ఆ వణికేది జెల్లో అనే తీపి పొడితో చేసిన జెల్లీ అట. ఆ రాత్రి షాపులో జెల్లో డబ్బా తిప్పి చదివితే, అందులో జెలటిన్. పశువుల తోళ్ళ నుంచి, ఎముకల నుంచి తీసేది. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. ఫోన్‌లో అమ్మకి చెప్తే, “సలాడ్‌లో ఎముకలేంట్రా?” అంది. నా దగ్గరా జవాబు లేదు.

జవాబు ఆ పెద్దావిడే చూపించింది. ఆవిడది పక్కనే ఉన్న లెరాయ్, జెల్లో పుట్టిన ఊరు. 1897లో అక్కడి వడ్రంగి పెర్ల్ వెయిట్ ఈ పొడి తయారుచేస్తే, అతని భార్య మే దానికి జెల్లో అని పేరు పెట్టింది. అమ్ముకోవడం చేతకాక రెండేళ్ళకే 450 డాలర్లకి హక్కులు వదిలేసుకున్నాడు. కొన్న వుడ్‌వర్డ్‌కి మాత్రం ప్రకటనల విలువ తెలుసు.

ఒక శనివారం అక్కడి మ్యూజియంకి తీసుకెళ్ళింది. పాత ప్రకటనల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక చేత్తో పొట్లం, ఇంకో చేత్తో వేడినీళ్ళ కెటిల్ పట్టుకున్న చిన్నపిల్ల బొమ్మ. అంతకుముందు జెల్లీ అంటే దూడ కాళ్ళు గంటల తరబడి మరిగించి, వడకట్టి, ఐసు మీద పెట్టాలి. వంటవాళ్ళున్న ఇళ్ళ వైభోగం అది. జెల్లో వచ్చాక 10 సెంట్లు, కాసిని వేడినీళ్ళు ఉంటే చాలు, పసిపిల్ల కూడా చేసేస్తుంది. వాళ్ళు అమ్మింది పంచదార పొడి కాదు, వంటవాళ్ళు లేని ఇల్లాలికి గొప్పింటి హోదా.

ఆ రోజుల్లో కొత్తగా వలస వచ్చినవాళ్ళ కోసం వంటల పుస్తకాలు యూదులు మాట్లాడే యిడ్డిష్, స్వీడిష్‌లాంటి భాషల్లో కూడా వేసి ఉచితంగా పంచారట. ఇది విన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది. వందేళ్ళ తర్వాత పుస్తకం అవసరం లేకుండానే, నలుగురిలో కలవాలన్న మొహమాటంతో నేనూ రెండు చెంచాలు తినేశాను కదా!

1930లో లైమ్ రుచి వచ్చాక ఇది సలాడ్లలోకి ఇంకా ఎక్కువగా దూరింది. తర్వాత సెలరీ, టమాటా రుచులు కూడా తెచ్చారు. వాటిని అమెరికా కూడా భరించలేకపోయింది.

మరుసటి పాట్‌లక్‌కి ఆవిడ తన పాత రాగి అచ్చు నాకు అరువిచ్చింది. జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ మరిగించి, ఇండియన్ షాపులో కొన్న మామిడి గుజ్జు కలిపి పోశాను. తిరగేస్తే చక్కగా ఊడి వచ్చింది. ఆవిడ ఒక ముక్క తిని, బాగుందంది. తర్వాత పళ్ళేన్ని వేలితో కొట్టి చూసింది. ఇంకోసారి కొట్టింది.

“ఇది వణకట్లేదేం?” అంది, కాస్త దిగులుగా.