రిలే నేర్పబోయే కొత్త మాస్టార్లకు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలా హైస్కూళ్లకి 400 మీటర్ల ట్రాక్ ఉండదు. ఫర్వాలేదు. 4×100 రిలే (నలుగురు తలో వంద మీటర్లు పరిగెత్తుతూ, బ్యాటన్ అనే చిన్న గొట్టాన్ని ఒకరి నుంచి ఒకరు అందుకునే పందెం) నేర్పడానికి 70 మీటర్ల తిన్నని జాగా, ఓ గిన్నెడు ముగ్గుపిండి ఉంటే చాలు. జట్టులో మెరుపులాంటి పిల్లాడు ఒక్కడూ లేకపోయినా, బ్యాటన్ చక్కగా చేతులు మారితే గెలిచే పోటీ ఇదొక్కటే. అందుకే కొత్తవాళ్లని ముందు రిలే పట్టుకోమంటాను.

బ్యాటన్ కొనక్కర్లేదు. 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాన్ని 29 సెంటీమీటర్లకి కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి. నిబంధన ప్రకారం పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు కనీసం 50 గ్రాములు ఉండాలి. చెట్టు కొమ్మ విరిచి ఇవ్వకండి. ఆ లావుకి చెయ్యి అలవాటు పడితే పోటీలో పట్టు తప్పుతుంది.

ముగ్గుతో 30 మీటర్ల జోన్ గీయండి, బ్యాటన్ ఈ హద్దుల్లోనే చేతులు మారాలి. అందుకునే పిల్లాణ్ని జోన్ మొదట్లో నిలబెట్టి, బ్యాటన్ తెస్తూ వచ్చేవాడి వైపు, అందుకునేవాడి పాదాలతోనే 20 పాదాలు కొలిచి గుర్తు పెట్టండి. వచ్చేవాడు ఆ గుర్తు దాటగానే వీడు వెనక్కి చూడకుండా పూర్తి వేగంతో బయల్దేరాలి. వచ్చేవాడు మీదకొచ్చి గుద్దుకుంటుంటే గుర్తు రెండు పాదాలు దూరం జరపండి. అందుకోలేక వెనకబడుతుంటే దగ్గరికి తెండి. జోన్‌లో 20వ మీటరు దగ్గర బ్యాటన్ చేతులు మారితే బాగా కుదిరినట్టు. జోన్ దాటిందా లేదా అన్నది బ్యాటన్‌ని బట్టే చూస్తారు, కాళ్లని బట్టి కాదు. పిల్లలకి ఇది ముందే చెప్పండి.

మొదటివాడు కుడిచేత్తో తెస్తే రెండోవాడు ఎడమచేత్తో, మూడోవాడు మళ్లీ కుడిచేత్తో, నాలుగోవాడు ఎడమచేత్తో అందుకోవాలి. మధ్యలో ఎవరూ చెయ్యి మార్చకూడదు. చెయ్యి ముందే వెనక్కి చాచి పరిగెత్తడం అందరూ చేసే తప్పు, దాంతో వేగం సగం చచ్చిపోతుంది. వచ్చేవాడు "పట్టు!" అన్నాకే చెయ్యి వెనక్కి రావాలి. ఇచ్చేవాడు కూడా ఇచ్చేలోపే నెమ్మదిస్తాడు. ఇచ్చాక ఇంకో పది మీటర్లు తన లైన్‌లోనే సాగమనండి. బ్యాటన్ పడిపోతే, పడేసినవాడే తియ్యాలి.

అసలు ముఖ్యమైంది విశ్రాంతి. మైదానం చుట్టూ అయిదారు రౌండ్లు తిప్పి, ఆయాసపడుతున్న పిల్లలతో గుర్తు సరిచూస్తే ఆ కొలత పనికిరాదు. సగం వేగంలో కుదిరిన గుర్తు పోటీనాడు తప్పుతుంది. పూటకి ఆరు మార్పిళ్లు చాలు, ఒక్కోదాని మధ్య మూడు నిమిషాలు కూర్చోనివ్వండి. మన కోస్తా ఉక్కలో వేసవి ప్రాక్టీసు పొద్దున్న ఏడున్నరకల్లా ముగించాలి. ఇంటి దగ్గర చోడంబలి (రాగి అంబలి) తాగి రమ్మనండి, నీళ్లు మాత్రం మైదానంలోనే ఉంచండి.

పోటీకి రెండు రోజుల ముందు కొత్త మార్పులేవీ పెట్టకండి. ఎవరి గుర్తు ఎన్ని పాదాలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పోటీ మైదానంలో పిల్లల చేతే మళ్లీ కొలిపించండి. కొత్త బూట్లు వేసుకొస్తే పాదం కొలత మారుతుంది, అది కూడా చూసుకోండి.