మూడేళ్ళు దాటాక తెస్తే ఏం చెయ్యను?

ప్లీడరు గుమాస్తాగా చేసినవాడికి రిటైర్మెంట్ ఉండదు. పెళ్ళికెళ్ళి బంతిలో కూర్చుంటే పప్పు వడ్డించేలోపే పక్కాయన మొదలుపెడతాడు, "మీరు కోర్టులో చేశారు కదండీ, ఒక్క మాట." ఆ ఒక్క మాట పెరుగన్నం దాకా సాగుతుంది. నాకేం విసుగు లేదు. కాకపోతే అందరూ అడిగేది "న్యాయం మా వైపుందా లేదా" అని. నేను తిరిగి అడిగేది "కాగితం మీద తేదీ ఎంత" అని. ఈ ప్రశ్న ఎవరికీ నచ్చదు. అప్పిచ్చిన సంగతి ఊరందరికీ తెలుసు, తీసుకున్నవాడు కూడా కాదనడం లేదు, ఇంక తేదీతో పనేంటంటారు.

పనుంది. సివిల్ దావాలకి గడువులు పెట్టింది 1963 నాటి లిమిటేషన్ చట్టం. దాని మూడో సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు. గడువు దాటాక వేసిన దావాని, ప్రతివాది నోరెత్తకపోయినా, కోర్టు తనంతట తానే కొట్టెయ్యాలి. అవతలివాడు మంచివాడైతే లాభం లేదు, జడ్జిగారికి జాలి కలిగినా లాభం లేదు. "ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్ పడేద్దాం" అనే సలహాదారులు ప్రతి టీ బడ్డీ దగ్గరా ఉంటారు. ఆ మన్నింపు అప్పీళ్ళకి, పిటిషన్లకి. అసలు దావాకి వర్తించదు. ఒక్క రోజు దాటినా దాటినట్టే.

ఎక్కువగా వచ్చేది ప్రోనోట్ల గొడవే కాబట్టి దాని గురించే కాస్త వివరంగా చెబుతాను.

మా వియ్యంకుడి తమ్ముడు తన తోడల్లుడికి రెండు లక్షలిచ్చి నోటు రాయించుకున్నాడు. తేదీ 14-06-2022. నోటు శుభ్రంగా ఉంది. రెవెన్యూ స్టాంపు అంటించారు, దాని మీదుగా సంతకం పెట్టించారు, ఇద్దరు సాక్షులు. (స్టాంపు లేని నోటయితే కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు. వేరే దస్తావేజుల్లా తర్వాత జరిమానా కట్టి సరిచేసుకుందామన్నా నోటుకి ఆ వీలు లేదు. రూపాయి బిళ్ళంత స్టాంపు గురించి లక్షలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.) తోడల్లుడు ప్రతి ఉగాదికీ వడ్డీ తెచ్చి ఇచ్చేవాడు. 2025 ఉగాదికీ ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరికీ చెడింది. ఆగస్టులో మావాడు నోటు పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తానని రాసే మామూలు నోటుకి గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ నోటు రాసిన తేదీ నుంచి లెక్క, మనం గట్టిగా అడిగిన రోజు నుంచి కాదు. అంటే 2025 జూన్ 14తో ఆ నోటుకి కాలదోషం పట్టేసింది. "మార్చిలో వడ్డీ తీసుకున్నాను కదా బావగారూ" అన్నాడు. నోటు వెనక్కి తిప్పాను. తెల్లగా ఉంది.

వడ్డీ ముట్టినప్పుడల్లా చెల్లు వేయించుకోవాలి. "ఈ నోటు బాకీ కింద ఫలానా తేదీన నగదు రూ. 5,000 చెల్లించి చెల్లు వేయడమైనది" అని రాసి, కింద బాకీదారు సంతకం. అంతే. అయిదు వేలు కానక్కర్లేదు, అయిదొందలు జమ అయినా చాలు. గడువు లోపల పడిన చెల్లయితే ఆ రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. 2025 ఉగాది నాడు రెండు వరసలు రాయించుకుని ఉంటే మావాడి నోటు 2028 మార్చి దాకా బతికుండేది. "మనలో మనకి చెల్లులేంటిలే అని ఊరుకున్నాను" అన్నాడు.

ఇంకో రకం వాళ్ళున్నారు. చెల్లు ఉంటుంది, రాసింది అప్పిచ్చినాయన, సంతకమూ ఆయనదే! అది ఆయన డైరీలో రాసుకున్నట్టు లెక్క. చట్టం అడిగేది డబ్బు కట్టినవాడి చేతిరాతైనా, సంతకమైనా. గడువు దగ్గరపడే వేళకి వెనకాల తామే ఒక సంతకం గీకేసి తెచ్చేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఇంకు వేరు, ఒరవడి వేరు, పైగా మడత మీద రాసి ఉంటుంది. మా సారు అలాంటి నోటు చూడగానే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేవారు. ఆ పార్టీ ఇంక మళ్ళీ రానక్కర్లేదని గుర్తు. వేలిముద్రల నిపుణుడి దాకా, చేతిరాత నిపుణుడి దాకా వెళ్ళే దావాల్లో సగం రోత ఈ చెల్లుల దగ్గరే.

ఇప్పుడు కుర్రాళ్ళు అడుగుతున్నది, "వడ్డీ ఫోన్‌పేలో వచ్చింది కదా, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది కదా" అని. డబ్బు వచ్చిందనడానికి అది రుజువే. కానీ చట్టం అడుగుతున్నది కట్టినవాడి చేతిరాతో, సంతకమున్న రాతో. దాని మీద ప్లీడర్లు ఎంతసేపైనా వాదించగలరు, ఆ వాదనకయ్యే ఖర్చు మీదే. రెండు వరసలు రాయించుకోవడం చవక.

కాలదోషం పట్టిందంటే బాకీ మాఫీ అయిందని కాదు. కోర్టు ద్వారా రాబట్టుకునే దారి మూసుకుపోయింది, అంతే. బాకీదారు ఒప్పుకుని పాత బాకీ కింద కొత్తగా నోటు రాసిస్తే అది చెల్లుతుంది, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ఆ వీలు ఉంచింది. ఆ మాటే మావాడికి చెప్పి పంపాను. వెళ్ళి అడిగాడు. తోడల్లుడు కాఫీ ఇచ్చి, "మనలో మనకి కాగితాలేంటి అన్నయ్యా" అన్నాడట.

లెక్క దగ్గర ఒకటి రెండు సంగతులు. నోటు తేదీని లెక్కలో కలపరు, మర్నాటి నుంచి లెక్క. ఆఖరు రోజు కోర్టుకి సెలవైతే తిరిగి తెరిచిన రోజున వేసుకోవచ్చు. అందుకే వేసవి సెలవులైపోయి సివిల్ కోర్టు తెరిచే రోజంటే మా గుమాస్తాలకి జాతర. ముందురోజు రాత్రి సారు ప్లెయింట్లు (దావా పత్రాలు) చెబుతుంటే టైపిస్టు కొడుతుండేవాడు, నేను కోర్టు ఫీజు లెక్కలు చూసుకునేవాణ్ణి. పొద్దున ఫైలింగ్ కౌంటర్ దగ్గర అన్నీ సెలవుల్లో గడువు తీరిన నోట్లే. కరోనా అప్పుడు సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసెయ్యమంది, దాంతో పోయాయనుకున్న నోట్లు కొన్ని లేచి కూర్చున్నాయి. ఇంకా ఆ ఆశతోనే ఫోన్లు చేస్తున్నారు. 2022 మార్చి తర్వాత రాసిన నోటుకి ఆ వెసులుబాటుతో సంబంధం లేదండీ.

చెక్కుల విషయంలో మూడేళ్ళ ధీమా అసలు పనికిరాదు. అక్కడ లెక్క రోజుల్లో ఉంటుంది. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వెయ్యాలి. బౌన్సయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు అతనికి టైము. అప్పటికీ కట్టకపోతే ఆ పదిహేనూ దాటిన నెల రోజుల్లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. 138, అంటే చెక్కు బౌన్సు కేసు పెట్టే సెక్షన్, దాని కింద రెండేళ్ళ దాకా జైలని అందరికీ తెలుసు. ఈ నాలుగు మెట్లూ ఎవరికీ తెలియవు. చెక్కు ఇచ్చినవాడికి మాత్రం తెలుస్తుంది! "ఈ నెల ఆగండి, వచ్చే నెల ఖాయం" అని బతిమాలుతూ నోటీసు గడువు దాటించేస్తాడు. అలా దాటిపోయినా చెక్కుకి మూడు నెలలు నిండకపోతే మళ్ళీ బ్యాంకులో వెయ్యండి. మళ్ళీ బౌన్సయితే ఆ రోజు నుంచి నోటీసుకి కొత్త 30 రోజులు. మూడు నెలలూ అయిపోతే ఆ చెక్కు మీద 138 మర్చిపోయి డబ్బుకి సివిల్ దావా చూసుకోవాలి. నోటీసు పంపిన పోస్టాఫీసు రసీదు మాత్రం చెక్కుతో సమానంగా దాచండి. అతను కావాలని తీసుకోకుండా తిప్పి పంపినా సరైన చిరునామాకి వెళ్ళిందని చూపించుకోవాల్సింది మీరే.

స్థలాల అగ్రిమెంట్లు ఇంకో తలనొప్పి. అడ్వాన్సు ఇచ్చి, స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుని, రిజిస్ట్రేషన్‌కి ఒక తేదీ పెట్టుకుంటారు. ఆ తేదీ వస్తుంది. అమ్మేవాడు "సర్వే కానివ్వండి" అంటాడు. తర్వాత "మా చెల్లెలు సంతకానికి రావాలి" అంటాడు. తర్వాత ఆషాఢం వస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకి వెళ్ళాలంటే అగ్రిమెంటులో వేసిన తేదీ నుంచి మూడేళ్ళే. తేదీ పెట్టుకోకపోతే, అమ్మనని తెగేసి చెప్పాడని మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళు. గడువు పొడిగించుకుంటే దాన్నీ కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. మిగతా డబ్బు సిద్ధంగా ఉందని మధ్యమధ్య నోటీసు ఇవ్వడం కూడా మంచిదే, ఎందుకంటే రేపు కోర్టు మొదట అడిగేది "నువ్వు సిద్ధంగా ఉన్నావా" అని కొనేవాణ్ణే. ఇక సేల్ డీడు మీద సంతకాలయ్యి రిజిస్టరు కాకుండా బీరువాలో ఉన్నవాళ్ళకి నాలుగు నెలలే టైము, జరిమానాతో ఇంకో నాలుగు. వీలునామాకి ఈ బాధ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుందామంటే గడువూ లేదు.

ఇప్పటిదాకా రావలసినవాళ్ళ సంగతి. ఇవ్వవలసినవాళ్ళ సంగతీ ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. కోర్టు నుంచి అమీనా సమన్లు తెస్తే తలుపేసుకునే అలవాటు మనవాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. తీసుకోకపోతే కేసు లేనట్టేనని నమ్మకం. అమీనా తలుపుకి అంటించి రిపోర్టు రాసుకుని పోతాడు. కోర్టులో పేరు పిలుస్తారు, పలికేవాడుండడు, ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే మనం లేకుండానే తీర్పు (డిక్రీ) వచ్చేస్తుంది. మా వీధిలో ఒకావిడ భర్త పోయాక ఆయన బాకీ మీద తన పేరున వచ్చిన దావా కాగితాన్ని ఇలాగే వెనక్కి పంపింది. నిజానికి ఆవిడకి చెప్పుకోవడానికి మంచి జవాబుంది. పోయినాయన బాకీకి వారసులు ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే జవాబుదారీ, ఆవిడ సొంత నగల మీదా జీతం మీదా చెయ్యి వెయ్యడానికి లేదు. ఆ మాట చెప్పడానికి కోర్టులో ఎవరూ లేకపోయారు. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయించుకోవడానికి 30 రోజులు టైము. ఇక్కడ మాత్రం ఆలస్యానికి మన్నింపు అడగొచ్చు, ఎందుకు రాలేకపోయామో సరైన కారణం చూపాలి. సమన్లు అందుకున్నవాళ్ళు జవాబు వెయ్యడానికి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా.

ఆవిడని నేను లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి పంపాను. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలుని ఇస్తారు. 1987 నాటి చట్టం అది. ఫోన్ నంబరు 15100. ఉచిత వకీలు సరిగా చెయ్యడని ఒక మాట ప్రచారంలో ఉంది. డబ్బు తీసుకుని చెయ్యనివాళ్ళని కూడా నేను బాగానే ఎరుగుదును.

లోక్ అదాలత్ గురించి కూడా అడుగుతుంటారు. చిన్న బాకీలకి నా ఓటు దానికే. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అయితే ఆ అవార్డు మీద అప్పీలు లేదు. పక్కవాళ్ళ మొహమాటానికి సంతకం పెట్టొద్దు, ఇంటికెళ్ళి ఆలోచించుకుంటామని చెప్పే హక్కు మీకుంది.

మిగతావి టూకీగా. వస్తువు పాడయిందనో సేవ సరిగా లేదనో వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళు. సమాచార హక్కు దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత కమిషన్‌కి 90 రోజులు. పోలీసులు ఎవరినైనా అరెస్టు చేస్తే ప్రయాణం టైము తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఈ ఒక్క గడువు మాత్రం మన మీద కాక వాళ్ళ మీద ఉంటుంది. డిక్రీ వచ్చిందని సంబరపడి ఫ్రేము కట్టించుకున్నవాళ్ళకి, డబ్బు రాబట్టుకునే పిటిషన్ (ఈపీ) వెయ్యడానికి పన్నెండేళ్ళు. చాలా టైమున్నట్టు కనిపిస్తుంది, ఈలోగా అవతలివాడు ఆస్తులు అమ్మేసుకుంటాడు.

ఈ మధ్య వాట్సాప్‌లో నోట్లు ఫోటో తీసి పంపి, "ఇది చెల్లుతుందా మావయ్యా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పంపండి, తీరిక చూసుకుని చూస్తాను. కాకపోతే అందరూ ముందు వైపే పంపుతున్నారు. వెనక వైపు కూడా పంపండి, చెల్లు ఉన్నా లేకపోయినా. పడుకున్న పిల్లాడి ఫోటో తీసినట్టు దూరం నుంచి కాకుండా, తేదీ కనిపించేలా దగ్గరగా తియ్యండి. ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, నాకు కూడా.