తహసీల్దారు గారి ‘కీ’ రాలేదు: మా అమ్మాయి బర్త్ సర్టిఫికెట్ అనుభవం

సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులాగితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

మా అమ్మాయి 1988లో వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో, ఇంట్లోనే పుట్టింది. పంచాయతీలో రాయించాలన్న ధ్యాస ఆ రోజుల్లో ఎవరికుంది? చదువుకీ ఉద్యోగానికీ పాస్‌పోర్టుకీ పదో తరగతి సర్టిఫికెట్‌తోనే నడిచిపోయింది. ఇప్పుడు అమెరికాలో గ్రీన్ కార్డు వంతు వచ్చేసరికి పిల్ల పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఉన్న బర్త్ సర్టిఫికెట్ కావాలన్నారు. అది లేకపోతే రికార్డు లేదన్న పత్రమూ, పుట్టుక తెలిసిన ఇద్దరి అఫిడవిట్లూ పెట్టుకోవచ్చు. కానీ వాళ్ల లాయరు సర్టిఫికెట్టే తెప్పించమన్నాడట. సరే అన్నాను.

రికార్డు లేదన్న పత్రం పంచాయతీ కార్యదర్శి ఆ పూటే ఇచ్చేశాడు. నోటరీ పని టీ తాగేలోపు అయిపోయింది. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా ఉన్న అమ్మాయి నా కాగితాలన్నీ వరసగా స్కాన్ చేసి, దరఖాస్తు నంబరు పెద్ద అక్షరాల్లో రాసిచ్చింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. వీఆర్వో వచ్చి, ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లని అడిగి, పంచనామా రాసుకుని పైకి పంపాడు. ఏడాది దాటిపోయిన జననం నమోదు చేయాలంటే ఆర్డీవో ఉత్తర్వు ఉండాలి. దానికి ముందు తహసీల్దారు రిపోర్టు వెళ్లాలి. మా బండి సరిగ్గా అక్కడ ఆగింది.

ఫోన్లో చూస్తే ‘తహసీల్దారు వద్ద పెండింగ్’ అని వస్తోంది. ఆఫీసుకెళ్తే సీనియర్ అసిస్టెంటు తల ఎత్తకుండానే, ‘సార్ బదిలీ అయిపోయారు, కొత్త సార్‌కి కీ రాలేదు’ అన్నాడు. ఆ కీ అంటే పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం. 2000లో వచ్చిన ఐటీ చట్టం ఆ సంతకానికి విలువ ఇచ్చింది. అది కుర్చీ పేరు మీద ఇచ్చేది కాదు, మనిషి పేరు మీద ఇచ్చేది. మనిషి మారితే పాతది లాగిన్ నుంచి తీసేయాలి, కొత్తాయన తన పేరున తెచ్చుకుని కలిపించుకోవాలి. ఈ పని ఎవరిదో ఆ ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. జిల్లా నుంచి చేస్తారని ఒకరు, మేమే మెయిల్ పెట్టాలని ఇంకొకరు. ఆ మెయిల్ ఎలా పెట్టాలో తెలిసిన ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ కుర్రాడేమో జీతాలు రాలేదని సెలవులో ఉన్నాడు.

ఇక్కడ నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ చెప్పాక బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వస్తుంటే, యూనియన్ వాళ్ల తిట్లు తింటూ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్ ముందు కూర్చున్న మొదటి తరం గుమాస్తాల్లో నేనొకణ్ణి. ఆ రంగరాజన్ గారే తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ‘కార్డ్’ అని కంప్యూటర్లు పెట్టిన 1998లో రాజ్‌భవన్‌లో ఉన్నది ఆయనే. మా బ్రాంచిలో మేనేజరు మారితే తాళాలతో పాటు పాస్‌వర్డుల కవర్లు కూడా అప్పగించుకుని ఇద్దరూ రిజిస్టర్లో సంతకాలు పెట్టాల్సిందే. ఈ ఆఫీసులో బీరువా తాళాలకి చార్జి కాగితం ఉంది, జీపుకి ఉంది. లాగిన్‌కి లేదు!

కొత్త సారు ఇన్‌చార్జి. అసలు పోస్టు పక్క మండలంలో, ఇక్కడికి వీలున్నప్పుడు వస్తారు. దొరికిన రోజు నా గోడు చెప్పుకున్నాను. ‘మీ ఫైలు నా దగ్గరికి రాలేదండీ’ అన్నారు. వచ్చింది సార్, మీ లాగిన్‌లోనే ఉంది అన్నాను. ఆయన బల్ల మీది కట్టలు అటూ ఇటూ కదిపి, ‘ఏదీ, చూపించండి’ అన్నారు. ఎదురుగా కంప్యూటరు ఉంది, దాని మీద తువ్వాలు కప్పి ఉంది. నేను ఫోన్ తీసి, పెండింగ్ అని ఉన్న చోట వేలు పెట్టి చూపించబోయాను. అంతే, గొంతు లేచింది. ‘నాకు కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి వచ్చారా? వయసుకి తగ్గట్టు ఉండండి. బయట కూర్చోండి.’

గదిలో రైతులున్నారు, చంటిపిల్లతో ఒక తల్లి ఉంది. అందరూ నావైపే చూస్తున్నారు. అటెండరు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్లకి పైగా కౌంటర్లో కూర్చుని ఎందరితోనో మాటపడ్డాను కానీ, చెయ్యి పట్టి బయటికి నడిపించినవాళ్లు లేరు. ఇంటికొచ్చాక మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అది కాదు విడ్డూరం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాను. అదీ ఆన్‌లైనే. తిరిగి తిరిగి పరిష్కారం కోసం ఆ తహసీల్దారు లాగిన్‌కే వెళ్లింది. కొన్నాళ్లకి నా ఫోన్‌కి మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది. ఎవరు పరిష్కరించారు? సంతకం కీ లేని ఆఫీసులో అర్జీ మూసేసే పాస్‌వర్డు మాత్రం ఎవరి దగ్గరో ఉందన్నమాట.

ఆ ‘ఎవరో’ సెలవు నుంచి తిరిగొచ్చిన ఆపరేటర్ కుర్రాడే. వెళ్లి అడిగితే సిగ్గుపడ్డాడు. ‘పెండింగ్ ఎక్కువుంటే పైనుంచి తిడతారు అంకుల్, అందుకే క్లోజ్ కొట్టమంటారు’ అన్నాడు. పాత తహసీల్దారు గారి కీ ఇంకా వాడి సొరుగులోనే ఉంది, పిన్ నంబరు మానిటర్ అంచున చీటీ మీద అంటించి ఉంది. ‘ఇప్పుడే కావాలంటే దీంతో పంపేస్తాను’ అన్నాడు కూడా. వద్దన్నాను. ఆ తేదీకి ఆ మనిషి ఆ ఆఫీసులోనే లేడు. అలాంటి సంతకంతో వచ్చిన కాగితం రేపు అమెరికాలో ఎవడైనా తిప్పి చూస్తే అమ్మాయి మెడకి చుట్టుకుంటుంది. కొత్త సారు పేరున కీ కోసం దరఖాస్తు పెట్టించు, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. కూర్చున్నాను. సారుకి అందులో కావలసిన వీడియో కూడా ఆ కుర్రాడే తీశాడు. ‘కెమెరా వైపు చూడండి సార్’ అని వాడు పదే పదే చెబుతుంటే నాకు లోపల కాస్త హాయిగానే ఉంది, ఒప్పుకుంటాను.

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లు వాట్సాప్‌లో ‘మన మిత్ర’ అని 2025 జనవరిలో 161 సేవలతో మొదలుపెట్టారు. మంచిదే, కరెంటు బిల్లు నేనూ దాంట్లోనే కడతాను. కానీ మన ఫోన్‌లో ఎన్ని సేవలున్నా అవతల కూర్చున్నాయన తువ్వాలు తియ్యాలి కదా. ఐఏఎస్‌లకైనా ఒక పోస్టులో కనీసం రెండేళ్లు ఉంచాలని 2014లో రూలు రాసుకున్నారు. అలాంటి రూలేదీ మండలం దాకా దిగిరాలేదు.

ఈ పని మీదున్నవాళ్లకి నాకు తోచింది: బదిలీల సీజన్లో దరఖాస్తు పెట్టకండి. సచివాలయంలో ఇచ్చిన రసీదు ఫోటో తీసి దాచుకోండి. సీనియర్ అసిస్టెంటుని అడిగి లాభం లేదు. ఆపరేటర్‌ని అడగండి, వాడికి జీతం వచ్చిందో లేదో కూడా అడగండి.

కీ వచ్చిన మర్నాడే రిపోర్టు వెళ్లింది. ఆర్డీవో ఆఫీసులో నాకు పేరు పెట్టాల్సిన ఇబ్బందేమీ కాలేదు. పంచాయతీలో నమోదు చేసి కాగితం చేతికిచ్చారు, స్పెల్లింగులన్నీ పాస్‌పోర్టుతో సరిపోయాయి. స్కాన్ తీసి పంపాను. ఇవాళ పొద్దున వియ్యంకుడు గారు ఫోన్ చేసి, అల్లుడిది కూడా ఇలాగే తెప్పించాలి, మీకు అలవాటైంది కదా బావగారూ అన్నారు. వాళ్ల మండలంలో తహసీల్దారు ఎప్పుడొచ్చాడో కనుక్కుని చెప్పమన్నాను.