కుందేలు చర్మం కొనుక్కొచ్చిన నాన్న

ఇంగ్లీషు వాళ్ళ పాత జోలపాటల్లో 'బై బేబీ బంటింగ్' అని ఒకటుంది. నాన్న వేటకి వెళ్ళాడు, పాపాయికి చుట్టడానికి కుందేలు చర్మం తేవడానికి వెళ్ళాడు. పాటంతా ఇంతే. 1882లో రాండాల్ఫ్ కాల్డికాట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఒక పిల్లల పుస్తకంలో దీనికి బొమ్మలు వేశాడు. అసలు కథ ఆ బొమ్మల్లో ఉంది.

నాన్నగారు దర్జాగా కుక్కని వెంటేసుకుని బయల్దేరతాడు. ఎంత తిరిగినా కుందేలు దొరకదు. చివరికి ఏం చేస్తాడు? దుకాణానికి పోయి చర్మం కొనుక్కొస్తాడు! పాట మాత్రం 'తేవడానికి వెళ్ళాడు' అనే అంటుంది. అందులో అబద్ధం లేదుగా మరి.

ఆఖరి బొమ్మ దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. చెవులతో సహా ఆ చర్మం తొడుక్కున్న పాప అమ్మతో నడుస్తూ ఉంటుంది. పక్కన గట్టు మీద బోలెడు నిజం కుందేళ్ళు. పాప వాటినే చూస్తూ ఉంటుంది, ఏమీ అర్థం కానట్టు. "అమ్మా, అది ఎవరిదో పాపకి తెలుసా?" అంది మాది. నేను పేజీ తిప్పేశాను.

అదే పుస్తకంలో 'హే డిడిల్ డిడిల్' కూడా ఉంది. పళ్ళెం, చెంచా కలిసి లేచిపోయాయని పాట ముగుస్తుంది. కాల్డికాట్ అక్కడితో ఊరుకోడు. తర్వాతి బొమ్మలో పళ్ళెం ముక్కలై నేలమీద పడి ఉంటుంది. చెంచాని కత్తీ ఫోర్కూ చెరోపక్కా పట్టుకుని లాక్కుపోతుంటాయి. వాళ్ళు అమ్మాయి తరఫు పెద్దలని వేరే చెప్పాలా! కింద ఒక్క అక్షరం ఉండదు.

మాది తెనాలి. మా నాన్నగారికి చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, మహా అయితే రెండు రంగులు. రెండో రంగు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆయన కాగితం చింపేసేవారు. అందుకే ఏ రంగుల బొమ్మ చూసినా నా కళ్ళు ముందు అంచుల మీదకే పోతాయి. ఈ పుస్తకాలు అచ్చేసిన ఎడ్మండ్ ఎవాన్స్ ప్రెస్సు లండన్ ఫ్లీట్ స్ట్రీట్ పక్కన రాకెట్ కోర్టులో ఉండేది. బొమ్మని ఫొటో తీసి బాక్స్‌వుడ్ చెక్క మీదకి ఎక్కించి, గీతలు మిగిలేలా చుట్టూ చెక్కేవారు. ఆ గీతల ప్రూఫు మీద కాల్డికాట్ చేత్తో రంగులు వేసిచ్చేవాడు. వాటిని చూసి ఒక్కో రంగుకి ఒక్కో చెక్క తయారయ్యేది. కాగితం మళ్ళీ మళ్ళీ మిషనెక్కాల్సిందే! ఈ పుస్తకాల స్కాన్‌ని పెద్దది చేసి చూడండి, ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చులో ఉండే రంగు చుక్కలు కనపడవు, మనిషి చెక్కిన సన్నగీతలే ఉంటాయి.

ఇంత పనితనం పెట్టి ధర ఒక్క షిల్లింగు. రంగుల పేజీల మధ్య బ్రౌన్ సిరాతో ఉత్త గీతల బొమ్మలుంటాయి. వాటికి ఒక్క రంగు చాలు. నాకైతే అవే ఎక్కువ ఇష్టం. రంగుల పేజీ చాలాచోట్ల పాటలో ఉన్న మాటనే చూపిస్తుంది. మాటకీ మాటకీ మధ్య జరిగినవన్నీ ఈ బ్రౌన్ గీతల్లో దూరతాయి. కాల్డికాట్ బ్యాంకు గుమస్తాగా పనిచేసి వచ్చిన మనిషి, కాగితాన్ని పొదుపుగా వాడటం తెలిసినవాడు! 1878 నుంచి 1885 దాకా ఏటా క్రిస్మస్‌కి రెండేసి, మొత్తం 16 పుస్తకాలు. 1886లో ఫ్లోరిడాలో పోయాడు, నలభై కూడా నిండలేదు.

అదే కాలంలో పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసిన కేట్ గ్రీనవే అభిమానులు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. 1879లో ఆవిడ 'అండర్ ది విండో'ని ఎవాన్స్ ఏకంగా 20,000 కాపీలు వేస్తే పబ్లిషర్లు నవ్వారట. ఆరు షిల్లింగుల పుస్తకం, అన్నీ చెల్లిపోయాయి. పద్యాలూ ఆవిడవే, బొమ్మలూ ఆవిడవే. అప్పటికే పాతబడిన పొడుగు గౌన్లు తనే కుట్టి, మోడల్ పిల్లలకి తొడిగి గీసేది. చూడ్డానికి ముద్దొస్తాయి. కానీ పద్యం ఏం చెప్పిందో బొమ్మా అదే చెబుతుంది. రెండోసారి తిప్పితే నాకు కొత్తగా దొరికేదేం లేదు.

కాల్డికాట్ పుస్తకాలు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బొమ్మలున్న ఫైలే దించుకోండి. మేమిప్పుడు ఆయన 'జాన్ గిల్పిన్' పుస్తకంలో ఉన్నాం. గుర్రం ఆగడం లేదు, టోపీ పోయింది, విగ్గు పోయింది. పద్యం చాలా పొడుగు, ఇంకా సగంలోనే ఉన్నాం.