ఫోన్లో పాఠాలు, దూలానికి లోలకం

మన డిగ్రీ కాలేజీలో చదివిన మా 2018-21 ఎంపీసీ బ్యాచ్ తరఫున ఏదైనా రాయమంటే లాక్‌డౌన్‌లో మన ల్యాబులు ఎలా నడిచాయో రాస్తానన్నాను. ఫేర్‌వెల్ కబుర్లు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇది మా బ్యాచ్ వాళ్లం రాయకపోతే ఇంకెవరూ రాయరు. నేనిప్పుడు శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్యూసీ కెమిస్ట్‌ని, అంటే మందుల నాణ్యత పరీక్షిస్తాను. రోజూ చేసే పని కాబట్టి ఫోన్లో ఏం నేర్చుకోగలిగామో, ఏది చేతికి రాలేదో నాకు బాగా తెలుసు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేసరికి మేం నాలుగో సెమిస్టర్. హాస్టల్ ఖాళీ చేసి ఎవరి ఊరికి వాళ్లం పోయాం. మొదట్లో వీడియో క్లాసులు పెట్టారు గానీ సీతంపేట వైపు మా ఫ్రెండ్స్‌కి కొండెక్కితే తప్ప సిగ్నల్ లేదు. మెళియాపుట్టి అమ్మాయి ఒకామెకి ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది టెన్త్ చదివే తమ్ముడికీ కావాలి. ఇది చూసి మన ఫిజిక్స్ సార్ వీడియో మానేసి, బోర్డు మీద రాసి ఫోటో తీసి, దాని కింద పది నిమిషాల వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో పెట్టడం మొదలెట్టారు. సిగ్నల్ దొరికినప్పుడు దించుకుని రాత్రి వినేవాళ్లం, అర్థం కాని చోట మళ్లీ వినేవాళ్లం. నా మటుకు నాకు థర్మోడైనమిక్స్ అలా విన్నాకే తలకెక్కింది. థియరీకి ఆ పద్ధతి సరిపోయింది.

ల్యాబు దగ్గరే చిక్కొచ్చి పడింది. కేంద్ర విద్యాశాఖ వాళ్ల వర్చువల్ ల్యాబ్స్, కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు చూపించారు, రెండూ స్క్రీన్ మీదే ప్రయోగాలు చేసేవి. మంచివే, విద్యుత్ క్షేత్రం లాంటి కంటికి కనపడనివి వాటిలో చక్కగా తెలుస్తాయి. కానీ పర్మాంగనేట్ టైట్రేషన్ తీసుకోండి, అంటే ఒక ద్రావణంలో ఇంకోటి చుక్కచుక్కగా కలిపి ఎంత పట్టిందో కొలవడం. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60, 70 డిగ్రీలకి వేడి చేసి, పర్మాంగనేట్ పోసిన బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) కుళాయి తిప్పితే మొదటి చుక్క రంగు ఎంతకీ పోదు, కంగారు పుడుతుంది, కాసేపాగితే పోతుంది, ఆ తర్వాత చుక్కలు పడ్డవి పడ్డట్టే మాయమవుతాయి, ఎందుకంటే ఆ చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే చర్యని తొందరపెడతాయి. ద్రావణం ముదురు రంగు కాబట్టి రీడింగ్ దాని వంపు తిరిగిన ఉపరితలం కింది అంచు దగ్గర కాక పై అంచు దగ్గర తీసుకోవాలి. స్క్రీన్ మీద అయితే రీడింగ్ అంకెల్లో పక్కనే వచ్చేస్తుంది. కన్ను పెట్టాల్సిన పనే లేదు, అందరికీ ఒకటే జవాబు.

సార్‌కి ఇది నచ్చలేదు. ఇంట్లో ఉన్నవాటితోనే లోలకం కట్టమన్నారు. మా దూలానికి దారం కట్టి తాళంకప్ప వేలాడదీశాను. ఒక మీటరు దారానికి 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు పట్టాలి, లెక్క కడితే జీ (భూమ్యాకర్షణ వల్ల వచ్చే త్వరణం) విలువ 9.78 దరిదాపుల్లో రావాలి. గ్రూపులో పడ్డ జవాబులు చూడాలి! పాలకొండ కుర్రాడికి 9.5, ఇంకొకరికి 10.8. సార్ ఎవర్నీ తిట్టలేదు, ఫోటోలు పంపమన్నారు. 9.5 వచ్చినవాడు దారాన్ని తాళం పై కొన వరకే కొలిచాడు, మధ్య వరకు కొలవాల్సింది, మూడు సెంటీమీటర్లు తగ్గింది. 10.8 వచ్చినామె తాళం వదలగానే ‘ఒకటి’ అని లెక్క మొదలెట్టింది, అంటే 19 డోలనాలనే 20 అనుకుంది. తప్పు ఎక్కడ దూరుతుందో వెతకడం మాకు అబ్బింది ఆ గ్రూపులోనే. జర్మనీలో ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ కూడా వేయించారు. ఫోన్లో సెన్సర్లతో కొలుస్తుంది, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అక్కర్లేదు కాబట్టి సీతంపేట వాళ్లకీ పనికొచ్చింది.

కెమిస్ట్రీ మేడం సున్నపు తేటలో పసుపు కలపమన్నారు. ఎర్రగా తిరిగింది. మా నానమ్మ చూసి “దిష్టి నీళ్లు ఎవరికిరా?” అంది. మెడికల్ షాపులో కొన్న సూది లేని సిరంజితో నిమ్మరసం కొద్దికొద్దిగా వదులుతూ, మళ్లీ పసుపు రంగు వచ్చేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోవాలి. చివర్లో ఒక్క చుక్క దగ్గర ఆగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

అయినా గాజు సామాను చేతికి అలవాటు కావడం మాత్రం ఇంట్లో కుదరలేదు. నవంబర్‌లో కాలేజీ తెరిచి బ్యాచ్‌లవారీగా రమ్మన్నప్పుడు మన డిపార్ట్‌మెంట్ వాళ్లు చేసిన మంచి పని ఏంటంటే, థియరీని ఫోన్లోనే ఉంచేసి, వచ్చిన రోజు మొత్తం ల్యాబుకే ఇచ్చారు. అటెండర్ బాబాయ్ “లెక్కలు తర్వాత, ముందు బ్యూరెట్ కడగండ్రా” అంటూ వెనకే తిరిగేవాడు. ఎడమ చేత్తో స్టాప్‌కాక్ (బ్యూరెట్ కుళాయి), కుడి చేత్తో ఫ్లాస్కు, రెండూ ఒకేసారి ఆడాలి. మాస్కుల పుణ్యమా అని పిపెట్ (ద్రావణాన్ని కొలిచి తీసే గాజు గొట్టం) నోటితో పీల్చడం పోయి రబ్బరు బల్బులొచ్చాయి. నోటితో పీల్చడాన్ని మా కంపెనీలో అస్సలు ఒప్పుకోరు, ఆ పాత పద్ధతి కాలేజీలో మళ్లీ రాకుండా చూడమని మేడంని గట్టిగా అడుగుతున్నాను.

మా తర్వాతి రెండు బ్యాచ్‌లకి మాకు దొరికినంత ల్యాబు కూడా దొరకలేదని తమ్ముళ్లు చెప్తున్నారు. పైడిభీమవరంలో పనిచేసే మన పూర్వ విద్యార్థులం కొందరం రెండో శనివారాలు వచ్చి బ్యూరెట్, పిపెట్, తూకం దగ్గరుండి చేయిస్తాం. పాత బ్యాచ్‌ల వాళ్లు కూడా రావొచ్చు, ఎంత దూరంలో ఉద్యోగమైనా సరే. ల్యాబులో ఉన్న బ్యూరెట్లు అందరికీ చాలవు, స్టాప్‌కాక్‌లు కూడా కొన్ని కారుతున్నాయి, ముందు వాటి సంగతి చూడాలి.