7.2 సీజీపీఏ, రెండు సప్లీలు: ఎమ్మెస్ అప్లికేషన్‌ని గట్టిపరచడం ఎలా?

జేఎన్‌టీయూ అనంతపురం కింద బీటెక్, 7.2 దగ్గర సీజీపీఏ, రెండో ఏడాదిలో తగిలి తర్వాత క్లియరైన ఒకటి రెండు సప్లీలు, అమెరికాలో ఎమ్మెస్ చేయాలన్న కోరిక. కర్నూలు, కడప, అనంతపురాల్లో ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కన్సల్టెన్సీ మెట్లెక్కగానే ‘మీ ప్రొఫైల్ వీక్’ అనే మాట వినబడుతుంది. దానికి దిగులుపడొద్దు. మార్కులు ఇక మారవు. వాటి పక్కన అడ్మిషన్ కమిటీకి ఇంకేం కనబడాలన్నది మాత్రం ఇప్పటికీ మీ చేతిలోనే ఉంది.

ముందు సీజీపీఏ సంగతి. అమెరికాలో జీపీఏ నాలుగుకి లెక్క కాబట్టి 7.2ని 2.5తో భాగించి 2.88 అని మీరే తేల్చుకుని, 3.0 అడిగే యూనివర్సిటీలన్నీ లిస్టులోంచి కొట్టేయకండి. మన దగ్గర 60 శాతం ఫస్ట్ క్లాసు. అక్కడ 60 అంటే దాదాపు ఫెయిలయ్యే అంచు. అందుకే మన మార్కులని అమెరికా పద్ధతిలోకి సబ్జెక్టువారీగా మదింపు చేసే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థల లెక్కలో జీపీఏ చాలాసార్లు ఈ భాగహారం కన్నా పైనే వస్తుంది. ఫారంలో మార్చి రాయమని అడిగితే తప్ప, మెమోలో ఉన్న అంకెనే పదికి ఇంత అని రాయండి. సెమిస్టర్లవారీ ఎస్‌జీపీఏలు వరసగా వేసుకుని చూడండి. 6.3తో మొదలై 4-1కి (నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్) 8 దాటితే ఆ ఎదుగుదలే మీ బలం. చివరి రెండేళ్ల సగటు, చేరబోయే కోర్సుకు దగ్గరైన ఐదారు సబ్జెక్టుల సగటు విడిగా కట్టి, ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసంలో) ఒక్క వాక్యంలో చెప్తే చాలు.

సప్లీని దాచే ప్రయత్నం వద్దు, మెమోల మీదున్న పరీక్ష నెలా సంవత్సరమే చెప్పేస్తాయి. అదనపు సమాచారం అని ఇచ్చే పెట్టెలో మూడు వాక్యాలు రాయండి: ఏ సబ్జెక్టు పోయింది, ఎందుకు పోయింది, ఆ తర్వాత దానికి దగ్గరైన సబ్జెక్టులో ఎంత తెచ్చుకున్నారు. ఎస్‌ఓపీ మధ్యలో దీని గురించి ఏకరువు పెట్టకండి.

అసలు తేడా వచ్చేది ప్రాజెక్టు దగ్గర. ఫొటో చూసి ఆకు తెగుళ్లు గుర్తించే కంప్యూటర్ మోడల్ తయారుచేసే ప్రాజెక్టునే తీసుకోండి. ప్లాంట్‌విలేజ్ అనే ఆకు ఫొటోల డేటాసెట్ దించుకుని, 99 శాతం యాక్యురసీ అని రాసిన రెజ్యూమేలు కమిటీ ముందు కుప్పలుగా ఉంటాయి. ఆ డేటాలో ఫొటోలు ఆకు తెంపి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. 2016లో దాని మీద 99 శాతం దాటిన మోడలే, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద 31 శాతం దగ్గరికి పడిపోయింది. పైగా ఆ 14 పంటల్లో మన శెనక్కాయ లేనే లేదు.

అనంతపురం పిల్లలకి ఇదే అవకాశం. ఆగస్టు, సెప్టెంబరుల్లో తిక్క ఆకుమచ్చ తెగులు శెనక్కాయ చేలల్లో కనబడుతుంది. ఆరు చేలు ఎంచుకుని, ఒక్కో చేలో వంద ఆకులు ఫోన్‌తోనే ఫొటో తీయండి. తేదీ, రకం (కె-6 అయినా, కదిరి లేపాక్షి అయినా), విత్తి ఎన్నాళ్లయిందో రాసుకోండి. ప్రతి ఆకునీ రెండు వైపులా తీయాలి. ముందుగా వచ్చే మచ్చకి ఆకు పైవైపు పసుపు వలయం ఉంటుంది, ఆలస్యంగా వచ్చే మచ్చ ఆకు అడుగున నల్లగా ఉంటుంది. పైవైపు మాత్రమే తీస్తే మోడల్ ఈ రెండింటినీ కలిపేస్తుంది. ఏ ఫొటో ఏ తెగులన్నది రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో (కేవీకే) చూపించి సరిచేసుకోండి.

చాలామంది తప్పు చేసేది డేటాని ట్రెయినింగ్‌కి (మోడల్‌కి నేర్పడానికి), టెస్టుకి (దాన్ని పరీక్షించడానికి) విడగొట్టేటప్పుడు. ఫొటోలన్నీ కలిపి యాదృచ్ఛికంగా విడదీస్తే ఒకే మొక్క ఆకులు ట్రెయినింగ్‌లోనూ టెస్టులోనూ పడి, అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. నాలుగు చేలు ట్రెయినింగ్‌కి, మోడల్ ఎన్నడూ చూడని రెండు చేలు టెస్టుకి ఉంచండి. 78 శాతమే వచ్చినా పర్లేదు. ఎక్కడ పొరబడింది, ఎందుకు పొరబడింది అని కోడ్ పెట్టే గిట్‌హబ్ సైటులో అరపేజీ రాసి పెట్టండి. చదివే ప్రొఫెసర్‌కి మీరు పరిశోధన చేయగలరని నమ్మకం కలిగేది ఆ అరపేజీతోనే. ట్రిపుల్‌ఈ వాళ్లు కాలేజీ కప్పు మీది సోలార్ పలకలతో ఇలాంటి పని చేయొచ్చు: ఒక వరస కడుగుతూ, ఇంకో వరస దుమ్ముతోనే వదిలి, రోజువారీ ఉత్పత్తిలో తేడా కొలవడం.

డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నల్‌లో పేపరు మాత్రం వేయొద్దు. తెలిసినవాళ్లు చూడగానే పసిగడతారు, ఉన్న మంచి పని మీద కూడా అనుమానం వస్తుంది. ఇరవై ఆన్‌లైన్ సర్టిఫికెట్లూ అంతే, పనికి రావు.

ఎల్‌ఓఆర్‌లు (సిఫారసు లేఖలు) సాధారణంగా మూడు అడుగుతారు. ‘నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా’ అనే హెచ్‌ఓడీ సార్ కన్నా, మీ కోడ్ చూసిన ప్రాజెక్ట్ గైడ్ మేలు. గడువుకి ఆరు వారాల ముందే అడిగి, ఆయన చేతికి ఒక పేజీ ఇవ్వండి: ఆయన చెప్పిన సబ్జెక్టు, మీ గ్రేడు, ల్యాబ్‌లో ఆయన స్వయంగా చూసిన రెండు సంగతులు, ప్రాజెక్ట్ లింకు, గడువు తేదీలు. లేఖ కాలేజీ మెయిల్ ఐడీ నుంచే వెళ్లాలి. సార్ పేరుతో జీమెయిల్ తెరిచి మూడు లేఖలూ మేమే ఎక్కిస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అది మోసం. బయటపడితే వచ్చిన అడ్మిట్ కూడా పోతుంది.

జీఆర్ఈ పరీక్ష ఐచ్ఛికమైన చోట, మీ క్వాంట్ (గణిత విభాగం) స్కోరు ఆ ప్రోగ్రాం ప్రకటించిన సగటుకి పైనుంటేనే పంపండి. తక్కువ సీజీపీఏకి, 170కి 165 దాటిన క్వాంట్ బాగా ఆసరా. మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి, 12 నెలల్లో ఐదుసార్లు రాయొచ్చు. అందుకని మొదటి పరీక్ష ఆగస్టులోపే పెట్టుకోండి.

పేరు దగ్గర మనవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, బీటెక్ మెమోలో ఇనిషియల్, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. జీఆర్ఈకి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరివ్వాలి, అప్లికేషన్లలోనూ అదే వాడండి. ట్రాన్స్‌క్రిప్టులకి (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రాలు) సెప్టెంబరులోనే పెట్టుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి చాలా గడువులు డిసెంబరు, జనవరిల్లోనే ఉంటాయి.

ఎనిమిది యూనివర్సిటీలు చాలు: రెండు యాంబిషియస్ (సీటు కష్టమైనవి), నాలుగు మోడరేట్, రెండు సేఫ్ (దాదాపు ఖాయమైనవి). సేఫ్ అంటే సీటొస్తే నిజంగా చేరడానికి ఇష్టపడే చోటే అయ్యుండాలి. లేకపోతే ఆ ఫీజు దండగ.