కాల్చని బాతుల చిత్రీకరణ

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, స్టట్‌గార్ట్ పట్టణం చుట్టూ కోతలైన వరిపొలాల్లో చలికాలమంతా నీళ్లు నిలుపుతారు. ఉత్తరం నుంచి మిసిసిపి నది వెంబడి దిగివచ్చే మల్లార్డ్ బాతులు ఆ పొలాల్లో రాలిన గింజల కోసం, పక్కనే ముంపులో నిలిచిన అడవిలోని ఓక్ కాయల కోసం గుంపులుగా వాలుతాయి. 1936 నుంచి, చిన్న పీక ఊది బాతుల్లా కూసే పోటీలు జరిగే ఊరు అది. నేను మాత్రం కొందరు వేటగాళ్లను చిత్రీకరించడానికి కెమెరాతో వెళ్లాను.

చీకటిలోనే పడవ దిగి, తొడల లోతు నీళ్లలో ఒక్కొక్కరం ఒక్కో చెట్టును ఆనుకుని నిలబడ్డాం. సూర్యోదయానికి అరగంట ముందు వరకు తుపాకీ పేల్చకూడదన్నది అక్కడి నియమం. వెలుగు రాగానే బృందపెద్ద బాతుకూత పీక ఊదుతూ, నీటిలో ఎరగా ఉంచిన బొమ్మ బాతులు కదలాలని కాలితో అలలు రేపసాగాడు. మొదటి గుంపు చెట్ల కొనలపై చుట్లు తిరిగింది, కానీ ఎవరూ తుపాకీ ఎత్తలేదు. చట్టం అడ్డుకోకపోయినా, అంత ఎత్తున ఉన్న పక్షిని కాల్చేవాడిని వారు చులకనగా చూస్తారు. నీటిపై కూర్చున్న బాతును కాల్చడం కూడా వారికి తలవంపే. రెక్కలు వంచి, కాళ్లు చాచి కొమ్మల సందుల్లోంచి దిగుతున్నప్పుడే కాల్చాలి.

ఈ ఓపిక కేవలం మర్యాద కాదు. నీటిపక్షులు సీసపు గుళ్లను మింగి విషంతో చనిపోతున్నందున 1991లో ఆ దేశమంతటా నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించారు. బదులుగా వచ్చిన ఉక్కు గుళ్లు తేలిక కాబట్టి దూరం పెరిగేకొద్దీ త్వరగా బలం కోల్పోతాయి, అందువల్ల ఎత్తున తగిలిన పక్షి చావకుండా గాయంతో ఎగిరిపోతుంది. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదన్న నియమం కూడా ఉంది గాని, ఆ మూడూ వరుసగా పేల్చేయాలన్న ఆత్రాన్ని ఏ నియమమూ ఆపలేదు. పక్కన కెమెరా ఉంటే ఆ ఆత్రం ఇంకా పెరుగుతుందని నా అనుమానం.

కాసేపటికి గాయపడ్డ మగబాతు ఒకటి దూరంగా పొదల్లో పడింది. వేట ఆపి, లాబ్రడార్ కుక్కతో సహా అందరూ వెతకసాగారు. పడగొట్టిన పక్షిని దక్కించుకోవడానికి తగిన ప్రయత్నం చేయడం అక్కడ చట్టరీత్యా తప్పనిసరి. "ఇదెవరు చూస్తారు, కెమెరా ఆపేయండి" అన్నాడొక కుర్రాడు. నేను ఆపలేదు. గురి తప్పకుండా కూలిన పక్షులనే వరుసగా అతికించి చూపే చిత్రాలు వేటను అబద్ధంగా చూపుతాయి, పైగా కొత్తగా తుపాకీ పట్టేవారికి తొందర నేర్పుతాయి.

బాతు దొరకలేదు. బృందపెద్ద దాన్ని తన రోజువారీ ఆరు బాతుల పరిమితిలోనే లెక్కవేసుకుని, చేతికి అయిదే దక్కినా తుపాకీలోని తూటాలు తీసేసి వేట ముగించాడు. ఆ వెతుకులాటను పూర్తి నిడివితో ఉంచాను. కుదించాలంటే, కొమ్మల సందుల్లోంచి దిగే బాతుల దృశ్యాలు కావలసినన్ని ఉన్నాయి.